అచ్చెన్న మేస్త్రీ కట్టిన పాడు మఠం

ఇంగ్లండులో నార్ఫోక్ అనే జిల్లా ఒకటి ఉందని అచ్చెన్న మేస్త్రీకి యాభయ్యారేళ్ళు వచ్చేదాకా తెలియదు. తెలియనన్నాళ్ళూ ఆయన సుఖంగానే ఉన్నాడు, నార్ఫోకూ సుఖంగానే ఉంది. తెలిశాక నార్ఫోక్‌కి ఒరిగిందీ లేదు, తరిగిందీ లేదు. అచ్చెన్నకి మాత్రం గుడి పని పోయింది.

ఆయన తాత భీమిలి రేవు నుంచి రంగం, అంటే ఇప్పటి యాంగోన్, వచ్చి ఓడల మీద బియ్యం బస్తాలు మోశాడు. తండ్రి బస్తాలు మానేసి తాపీ పట్టాడు. అచ్చెన్న ఇంకో మెట్టెక్కి, సిమెంటుతో బొమ్మలు చెయ్యడం నేర్చాడు. ఆ ఊళ్ళోనే లమ్మడా పేటలో నాలుగో అంతస్తు వాటాలో కాపురం. కింద ఎవరి గోడ బీటలిచ్చినా, ఎవరి ఇంటి సింహం తోక ఊడినా పైకి చూసి "సయా" అని కేకేస్తారు. బర్మా వాళ్ళు పని తెలిసిన వాణ్ణి అలా పిలుస్తారు. పని తెలియనివాణ్ణి కూడా అలాగే పిలుస్తారనుకోండి, కాని అచ్చెన్న ఆ సంగతి పట్టించుకునేవాడు కాదు.

విరిగిందేదైనా కంటపడితే ఆయన చెయ్యి ఊరుకోదు. టీకొట్టులో బల్ల కాలు ఊగితే టీ చల్లారబెట్టుకుని మరీ చెక్క ముక్క దోపి వస్తాడు. అలాంటి మనిషిని ఊరంతా మెచ్చుకుంటుంది, డబ్బు మాత్రం వేరేవాళ్ళకి ఇస్తుంది.

ఆయనకు జీవితంలో ఒకటే కోరిక మిగిలింది. పేట చివర నూకాలమ్మ గుడి గోపురం మీద అమ్మవారి బొమ్మ ఉంది. దాన్ని చేసింది ఆయన తండ్రే. పోయిన భూకంపంలో అమ్మవారి కుడిచెయ్యి, అభయమిచ్చే చెయ్యి, మణికట్టు దగ్గర విరిగి కింద పడింది. ఆ చెయ్యి తానే పెట్టాలి. అంతకు మించి అచ్చెన్న దేవుణ్ణి ఏమీ అడగలేదు. అయితే దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా మంచివాడే. వరమివ్వనిది కమిటీ ప్రెసిడెంటు ధర్మరాజు.

ధర్మరాజు గారికి గుడి పని మీద గౌరవం ఎక్కువ, తెలుగు పనివాడి మీద తక్కువ. శిల్పులంటే తమిళనాడు నుంచి రావాలి, రాకపోతే మానాలి, కాని ఇక్కడే ఉండకూడదని ఆయన నమ్మకం. వీసాలు తెమలక వాళ్ళు రావడం లేదు. అచ్చెన్న వెళ్ళి అడిగినప్పుడల్లా, నువ్వు అతుకులేసేవాడివి, నీ చేత్తో మొదలూ చివరా కట్టిన పెద్ద పని ఒకటి చూపించు, అప్పుడు చూద్దాం అని పంపేసేవాడు. అచ్చెన్న ఆ 'చూద్దాం'ని ఇంటికి తెచ్చి భార్య పైడితల్లికి చెప్పేవాడు. ఆవిడ దాన్ని విని అన్నం వడ్డించేది.

అలాంటప్పుడు నార్ఫోక్ వచ్చింది. తీసుకొచ్చినవాడు మోహనకృష్ణ, అచ్చెన్న అక్క కొడుకు. హోటల్ కోర్సు చదివాడు, 'హెరిటేజ్' అనే మాటను రోజుకు ఇన్నిసార్లని లేకుండా వాడగలడు. వాడి యజమాని ఊ తౌంగ్. వయసులో ఓడ మీద పనిచేసి, ఓడ చెడిపోయి నార్ఫోక్ రేవులో కొన్ని వారాలు ఇరుక్కుపోయాడట. తోచక బస్సులెక్కి ఆ జిల్లాలోని పాత మఠాలన్నీ చూసొచ్చాడు. ఇప్పుడు డబ్బు చేశాక నది అవతల దలాలో తోట కొన్నాడు. పెళ్ళికి ముందు ఫోటోలు దిగే జంటల కోసం ఆ తోటలో ఒక నార్ఫోక్ మఠం కట్టించాలని ఆయన ముచ్చట. దేశం దాటి వెళ్ళడం కష్టమైన రోజుల్లో, దేశాన్నే దాటించి తెస్తే గిరాకీ ఉంటుందని లెక్కవేశాడు. ఆ లెక్క తప్పలేదు.

ఊ తౌంగ్ మోకాలి ఆపరేషన్‌కి బాంకాక్ వెళ్తూ పని మోహనకృష్ణకి అప్పగించాడు. మోహనకృష్ణ ఫోటోలు మేనమామకి అప్పగించి, "మావయ్యా, ఇదీ పని. ఇంగ్లీషు మఠం, నార్ఫోక్ స్టయిలు" అన్నాడు. వివరం చెప్పడం అంతటితో ముగిసింది.

అచ్చెన్న ఆ ఫోటోలను ఇంటికి తెచ్చి పెళ్ళాం ముందు పరిచాడు. వాల్సింగ్‌హామ్ అనే చోట ఒక్క తూర్పు గోడే మిగిలింది, నడుమ పెద్ద కిటికీ కన్నం, కన్నంలో ఆకాశం. థెట్‌ఫర్డ్‌లో గోడలకు పైరాయి ఒలిచేసి లోపలి చెకుముకి రాళ్ళు బయటపడ్డాయి. కాసిల్ ఏకర్‌లో ముందు గోడ నిండా వరసలు వరసలుగా చిన్న చిన్న కమానులు, వెనక చూస్తే పైకప్పు లేదు. బినమ్‌లో అంత పెద్ద కిటికీని ఎవరో ఇటుకలతో పూడ్చేశారు. ఇంకో ఫోటోలో వరసగా గూళ్ళు, గూళ్ళలో తలల్లేని బొమ్మలు.

అచ్చెన్నకి నిజంగా జాలేసింది. అంత గొప్ప పని చేయించుకున్న వాళ్ళకి మరమ్మతు చేసే మేస్త్రీ దొరకలేదా అనుకున్నాడు. బినమ్ కిటికీ పూడ్చినవాణ్ణి మాత్రం బూతులు తిట్టాడు.

ఇక్కడ ఆయన తప్పేమిటో చెప్పాలి. ముప్పై ఏళ్ళుగా ఆయనకు ఫోటో చూపించిన ప్రతివాడూ విరిగినదాన్నే చూపించాడు. పగిలిన తొట్టి, కారే కప్పు, ముక్కు పోయిన వినాయకుడు. ఫోటో చూపించడమంటే దీన్ని బాగుచెయ్యమని అర్థం. నోటితో చెప్పక్కర్లేదు. పైగా ఆయన పెరిగిన ఊళ్ళో మఠం కూలిందంటే నాలుగు వీధుల వాళ్ళు ఇటుకలు పట్టుకుని పుణ్యం కోసం పరిగెత్తుకొస్తారు. హిందువైన పైడితల్లి కూడా పొద్దున్నే భిక్షకొచ్చే బౌద్ధ సాధువుల గిన్నెల్లో అన్నం పెట్టి గాని పొయ్యి మీద టీ పెట్టదు. సాధువులు లేని మఠం, కప్పు లేని మఠం కావాలని కోరి కట్టించుకునేవాడు ఒకడుంటాడని అచ్చెన్న కలలో కూడా అనుకోలేదు.

కాబట్టి ఆయన నార్ఫోక్‌ని బాగుచేశాడు.

రోజూ లాంచీలో నది దాటి దలా వెళ్ళేవాడు. సగం కమాను కనిపిస్తే తక్కిన సగం ఎలా ఉంటుందో మేస్త్రీకి ఒకరు చెప్పాలా? వాల్సింగ్‌హామ్ కిటికీకి చట్రం కట్టి రంగు అద్దాలు బిగించాడు. థెట్‌ఫర్డ్ గోడలకు నున్నగా పూత పూశాడు. పైన కప్పు వేశాడు. ఆ జిల్లాలో అయిదువందల ఏళ్ళుగా ఎవరికీ చేతకానిది దలా కూలీలతో ఒక్క ఎండాకాలంలో అవగొట్టాడు. మధ్యమధ్య మోహనకృష్ణకి ఫోన్‌లో ఫోటోలు పంపేవాడు. పర్యవేక్షకుడైన మోహనకృష్ణ నదికి ఇవతల చల్లటి కాఫీ షాపులో కూర్చుని, ఫోటో తెరవకుండానే బొటనవేలి బొమ్మ పంపేవాడు.

తలల దగ్గర కొంచెం ఇబ్బందైంది. ఫోటోలో తలల్లేవు గనక నకలు చెయ్యడానికి లేదు. అచ్చెన్న చేతికి వచ్చిన ముఖం ఒక్కటే, ఏటేటా జాతరకి మట్టితో చేసే నూకాలమ్మ ముఖం. అలా నార్ఫోక్ సన్యాసులందరికీ పెద్ద కళ్ళు, నిండు బుగ్గలు వచ్చాయి. దలా కూలీలు మర్నాటికల్లా బొమ్మల ముందు కొబ్బరికాయా అరటిపండ్లూ పెట్టేశారు. బర్మా వాళ్ళు గ్రామదేవతల్లా కొలిచే నాట్‌లలో ఎవరో గొప్ప దేవత, ముఖంలోనే తెలుస్తోందన్నారు.

పని పూర్తయిన రోజు అచ్చెన్నకి గర్వం ఆగలేదు. ధర్మరాజు గారింటికి వెళ్ళి, పెద్ద పని చూపించమన్నారు కదా, శనివారం దలా రండి, చూపిస్తానన్నాడు. ధర్మరాజు కాదనడానికి కారణం వెతికి, దొరక్క, సరేనన్నాడు.

శుక్రవారం సాయంత్రం ఊ తౌంగ్ బాంకాక్ నుంచి తిరిగొచ్చి, చేతికర్రతో తోటలోకి వచ్చాడు. కొత్త కప్పుతో, రంగు అద్దాలతో, తెల్లసున్నంతో తళతళలాడుతున్న మఠాన్ని చూసి ఆ కర్ర మీదే కూలబడ్డాడు. అచ్చెన్న అది ఆనందమనుకున్నాడు.

తరవాత నోరు తెరిచాడు. ఊ తౌంగ్ బర్మా భాషలో చాలా అన్నాడు, అందులో రాయదగ్గది ఇది. ఆ మఠాలు విరిగిపోయినవి కావు, విరగగొట్టినవి. అక్కడి రాజొకడు మఠాలన్నీ మూయించి, సన్యాసుల్ని వెళ్ళగొట్టి, కప్పుల మీది సీసం ఒలిపించి అమ్ముకున్నాడు. మిగిలిన రాయి చుట్టుపక్కల వాళ్ళు ఇళ్ళకి మోసుకుపోయారు. గుడిని మింగేవాడొకడైతే గుడిలో లింగాన్ని మింగేవాడొకడని మనం సామెత చెప్పుకుంటాం, ఆ ఊళ్ళో ఇద్దరూ కలిసి పంక్తిభోజనం చేశారన్నమాట. ఇప్పుడు ఆ మొండిగోడల చుట్టూ గడ్డి కత్తిరించి జనానికి చూపిస్తారు. ఎవరూ మళ్ళీ కట్టలేదా అని అచ్చెన్న అడిగాడు. కడితే చూడ్డానికి ఎవడొస్తాడని ఊ తౌంగ్ అడిగాడు.

మోహనకృష్ణ అప్పుడే వచ్చి, మావయ్యకి మొదటి రోజే హెరిటేజ్ గురించి స్పష్టంగా చెప్పానన్నాడు.

ఆదివారం ప్రారంభం. రేపు సాయంత్రానికల్లా దీన్ని ఫోటోలో ఉన్నట్టు పగలగొడితే పని బాగుందని నేనే అందరికీ చెబుతాను, లేకపోతే నీ పేరు ఈ నదికి రెండు వైపులా చెడుతుందన్నాడు ఊ తౌంగ్. మంచి మనిషి, మాట మీద నిలబడతాడు.

శనివారం పొద్దున్నే అచ్చెన్న సుత్తి పట్టుకున్నాడు. కప్పు విప్పించాడు. కిటికీ అద్దాలు ఊడబెరికాడు. పూత చెక్కేశాడు. గోడ గోడే కదా అని మనసుకి చెప్పుకున్నాడు. బొమ్మల దగ్గరికి వచ్చేసరికి కూలీలు సుత్తులు కింద పెట్టేసి, మాకు పిల్లలున్నారు సయా అని దూరంగా వెళ్ళి కూర్చున్నారు.

చేసిన ముఖాన్ని చేసినవాడు పగలగొట్టకూడదని అచ్చెన్న తండ్రి చెప్పేవాడు. నీట్లో కలపాలి, లేదా కాలానికి వదలాలి. ఆ మాట గుర్తొచ్చి సుత్తి కిందకి దించాడు. అయినా వీటికి ప్రాణప్రతిష్ఠ లేదు, కళ్ళు తెరిపించలేదు, వట్టి సిమెంటే. ఈ వట్టి సిమెంటు పగిలితే ఆ పని నిలబడుతుంది, పని నిలబడితే పేరు, పేరుంటే గోపురం మీద అమ్మకి చెయ్యి. అమ్మ చెయ్యి కోసం అమ్మ ముఖం. చెడ్డ బేరమే, కాని ఆయన దగ్గర వేరే బేరం లేదు. ఏడుస్తూ మొదటి దెబ్బ వేశాడు. రెండోదానికి ఏడుపు తగ్గింది. ఆ తరవాత చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

ధర్మరాజుని రమ్మన్న సంగతి ఆయన మరిచేపోయాడు.

ధర్మరాజు మాత్రం మరవలేదు. గొడుగేసుకుని, లాంచీ దిగి, సైకిల్ రిక్షాలో తోట దాకా వచ్చాడు. ఆయన లోపలికి అడుగు పెట్టేసరికి వరసగా గూళ్ళలో నూకాలమ్మ, కింద గడ్డిలో నూకాలమ్మ బుగ్గలు, ముక్కు, ఒక కన్ను, ఆ ముందు సుత్తి ఎత్తిన అచ్చెన్న. మోహనకృష్ణ చెప్పుల చప్పుడు లేకుండా పక్కకి తప్పుకున్నాడు.

అచ్చెన్న జరిగిందంతా చెప్పాడు. ఫోటోల నుంచి మొదలుపెట్టి సీసం దాకా, ఒక్కటీ దాచలేదు. ధర్మరాజు అంతా విన్నాడు. వినలేదనడానికి లేదు.

"అచ్చెన్నా, నువ్వు సెప్పిందంతా నిజివే," అన్నాడు. "అయినా గాని ఆ చేత్తోటి మరి గుడి గోడ ముట్టుకోకు."

అక్కణ్ణుంచి అదే గొడుగుతో వెళ్ళిపోయాడు. అచ్చెన్న మిగిలిన బొమ్మల తలలు కూడా తీసేశాడు. పని సగంలో వదిలే అలవాటు ఆయనకి లేదు.

తోట బ్రహ్మాండంగా నడుస్తోంది. ఊరి శివారు లైంగ్‌థార్యార్‌లో కుట్టుమిల్లుల్లో పనిచేసే ఆడపిల్లలు కూడా అద్దె గౌన్లు వేసుకుని వాల్సింగ్‌హామ్ కన్నంలో నిలబడి ఫోటోలు దిగుతున్నారు. మోహనకృష్ణ వచ్చినవాళ్ళందరికీ నార్ఫోక్ చరిత్ర చెబుతాడు, మొదట కప్పు ఎవరు వేశారో తప్ప. ధర్మరాజు గారి అమ్మాయి పెళ్ళి ఫోటోలు కూడా అక్కడే తీశారు. అమ్మాయి తల లేని బొమ్మ భుజం మీద చెయ్యి వేసి నవ్వుతున్న ఫోటోకి చట్రం కట్టించి, ప్రెసిడెంటు గారు హాల్లో నూకాలమ్మ పటం పక్కనే పెట్టుకున్నారు.

ఊ తౌంగ్ అచ్చెన్నకి అన్యాయం చెయ్యలేదు. పాడు మఠాన్ని పాడుగా ఉంచే ఉద్యోగం ఇచ్చాడు. విరిగినది ఇంకా విరక్కుండా చూడాలి, కొత్తగా కనబడకుండా చూడాలి. పుల్లటి పెరుగూ గంజీ కలిపి గోడలకి పూస్తే నాచు తొందరగా పడుతుందని అచ్చెన్నే కనిపెట్టాడు. దానికి మెచ్చుకోలు వచ్చింది. ఆ మెచ్చుకోలు విన్న రోజు ఆయన అన్నం తినలేదు.

గోపురం మీద అమ్మవారికి ఇప్పటికీ కుడిచెయ్యి లేదు. తమిళనాడు శిల్పులకి వీసా రావాలి. అచ్చెన్న రోజూ లాంచీకి వెళ్తూ ఆ వీధి మీదుగానే నడుస్తాడు. పైకి చూస్తాడు. గోడకి ఆనకుండా జాగ్రత్తగా నడుస్తాడు.

మొన్న ఒక పొద్దున పైడితల్లి సాధువుల గిన్నెల్లో అన్నం పెట్టి పైకి వచ్చి, ఉన్నట్టుండి అడిగింది.

"ఆ సీమలో అన్ని మఠాలు పడిపోయినాయన్నావు కదా. అన్నేళ్ళూ ఒక్కడూ మరి కట్టనేదేటి?"

అచ్చెన్న బకెట్లో పెరుగు కలుపుతున్నాడు. కలపడం ఆపలేదు.

"కట్టీవోడు ఉండే ఉంటాడే. గోడ ముట్టుకోవద్దనుంటారు."

బకెట్ పట్టుకుని నాలుగంతస్తులూ దిగి లాంచీకి వెళ్ళాడు.