కళ్లు మూసుకున్నందుకు రద్దయిన పరీక్ష

జర్మనీలోని జార్‌బ్రూకెన్‌లో ఉదయం తొమ్మిదికి ముందే రైలెక్కాం. నేను ఒక్కరోజు టికెట్ కొన్నాను. శ్రావణికి నెల పాసు ఉంది. కైజర్స్‌లౌటర్న్‌లో బండి మారి, ఆ పైన ఒక చిన్న ఊళ్లో దిగాలి. యూరోపియన్ పార్లమెంటు సభ్యురాలు ఒకావిడ అక్కడ నెలకోసారి జనాన్ని కలుస్తుంది. వెళ్లదలచినవారు ముందే టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకోవాలి, తలుపు తట్టి వెళ్లే పద్ధతి లేదు.

శ్రావణి కరీంనగర్‌లో మా హేతువాద సంఘం మిత్రుడి కూతురు. ఇక్కడ కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్ ముగించింది. మ్యూనిక్ పక్కన ఉంటర్‌ఫ్యోరింగ్‌లో ఉద్యోగం ఖాయమైంది, జర్మన్ భాషా సర్టిఫికెట్ ఒక్కటే తక్కువ. ఆ పరీక్షను ఒక ప్రైవేటు సంస్థ ఆన్‌లైన్‌లో పెట్టింది. కాపలా కెమెరాది, తీర్పు సాఫ్ట్‌వేర్‌ది. పరీక్ష మొదలవగానే ఈ పిల్ల కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. చూపు తెర మీద లేదు, పెదవులు కదిలాయి, ప్రవర్తన అనుమానాస్పదం అని సాఫ్ట్‌వేర్ పరీక్ష రద్దు చేసింది. ఏమిటా అనుమానమని రాసి అడిగితే అదే వాక్యం తిరిగొచ్చింది. నెలాఖరులోగా సర్టిఫికెట్ చూపించకపోతే ఉద్యోగం ఇంకొకరిది.

నేను జీవితమంతా దేవుడు లేడని వాదించినవాణ్ణి. శ్రావణి తండ్రీ అంతే. దండం తల్లి నేర్పింది. అది నాకు నచ్చదు. కానీ అడిగితే జవాబు చెప్పని యంత్రం ముందు తల వంచమనడం పూజారి ముందు వంచమనడం కంటే ఏ విధంగా మేలు? దీన్ని ఆధునికత అనేవాళ్లతో ఏ వేదిక మీదైనా వాదానికి నేను సిద్ధం.

పల్లి చట్నీ పూసుకున్న బ్రెడ్డు తింటుంటే ఎదుటి సీటు పెద్దాయన మా మాటలు విని పలకరించారు. గుంటూరు నుంచి కుర్రతనంలోనే వచ్చి ఇక్కడే రిటైరైన డాక్టరు. సంగతి విని నవ్వారు.

"పిచ్చి పిల్లా, పోస్టర్ల మీద ఎవరి మొహం ఉంటే వాళ్ల దగ్గరికెళ్లాలి. ఈవిడ పేరు నేనెప్పుడూ వినలేదే."

"పోస్టర్ల మీద నవ్వెటోళ్లు వేరే అంకుల్, చట్టంల వాక్యం రాసెటోళ్లు వేరే."

తర్వాత ఆయనకు ఓపిగ్గా వివరించింది. చట్టం ప్రతిపాదన ముందు ఒక కమిటీకి వెళ్తుంది. అక్కడ ఒక సభ్యుడికి ముసాయిదా బాధ్యత అప్పజెబుతారు. మిగతా పార్టీలు తలా ఒకరిని ఆయనతో బేరమాడటానికి కూర్చోబెడతాయి. ఆ గుప్పెడు మందే చివరికి దేశాల ప్రభుత్వాలతోనూ మాట్లాడతారు. చిన్న దేశం నుంచి వచ్చి, పేరు లేకపోయినా, ప్రతి పంక్తీ చదివే ఓపిక ఉన్న సభ్యుడు అక్కడ పెద్ద నాయకుడిని మించిపోతాడు. యూరప్ తెచ్చిన ఏఐ చట్టం మీద అలా బేరానికి కూర్చున్నవారిలో ఒకరు మేం కలవబోయే ఆవిడ. నాకు మా సంఘం సభలు కళ్ల ముందు మెదిలాయి: పూలదండ ఉపన్యాసకుడికి పడేది, తీర్మానం రాసినవాడు వెనక కుర్చీలు సర్దేవాడు.

"అయితే ఇన్నేళ్లూ నేను ఫొటోలు దిగినవాళ్లంతా దండగేనా!" అంటూ డాక్టరుగారు కైజర్స్‌లౌటర్న్‌లో దిగిపోయారు.

సభ్యురాలి ఆఫీసు ఒక బేకరీ మీద రెండు గదులు. ఆవిడే కాఫీ పోసి ఇచ్చింది. శ్రావణి అంతా చెప్పి, ఆ సంస్థకు మీరొక్క లెటర్ రాయండి అని అడిగింది. మన అలవాటే అది. సీటుకైనా, ఆసుపత్రి మంచానికైనా, దర్శనానికైనా ఎమ్మెల్యే లెటర్ ఉండాలి మనకు. ఆవిడ ఒక్క క్షణం అర్థం కానట్టు చూసి, నెమ్మదిగా తల అడ్డంగా ఊపింది. ఒకరికి లెటర్ రాస్తే రెండోవాళ్ల సంగతేమిటంది. శ్రావణి ముఖం వాడిపోయింది.

ఆవిడ అంతటితో వదిలేయలేదు. యంత్రం ఒక్కటే తీర్పు చెప్పినచోట మనిషి చూడాలని అడిగే హక్కు ఇక్కడ చట్టంలో ముందునుంచే ఉందని గుర్తు చేసింది. పరీక్షల్లో నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్లను కట్టుదిట్టమైన నిబంధనలుండే వర్గంలో చేర్చడానికి ఎంత పోట్లాడాల్సి వచ్చిందో చెప్పింది. తర్వాత ఆవిడ అన్న మాట నేను మరిచిపోలేను.

"మా బల్ల దగ్గర ఎన్నో గంటలు వాదించుకున్నాం. పరీక్షకు ముందు కళ్లు మూసుకునే మనుషులుంటారని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆ చట్టాన్ని ఎలా అమలు చేయాలన్న సూచనలు ఇంకా రాస్తున్నారు. నువ్వు ఆ సంస్థకు రాసేదాని నకలు నాకూ పంపు."

తిరుగు బండి మధ్యాహ్నం రెండు దాటాక. శ్రావణి లాప్‌టాప్ తెరిచి రాయడం మొదలుపెట్టి, ఆగి, నావైపు తిరిగింది.

"పెద్దనాన్నా, కళ్లకు రెస్ట్ ఇచ్చిన అని రాయనా? దండం అంటే మా నాన్న ఏమంటడో."

"దండం అనే రాయి. మీ నాన్నతో నేను మాట్లాడతాను."

అలాగే రాసింది. రికార్డింగును ఒక మనిషి చూడాలని, చూసినవారి పేరు తెలపాలని నేను చెప్పకుండానే చేర్చి, సంస్థకూ ఆవిడకూ పంపింది.

యూరప్‌లో డిజిటల్ చట్టాలు ఎవరి చేతిలో ఉన్నాయో తెలుసుకోవాలనుకుంటే టీవీ కట్టేసి ఇలాంటి మేడ గదులకు వెళ్లండి. అక్కడ వినేవాళ్లున్నారు, వాళ్లకు తట్టనిది చెప్పేవాళ్లే కరువు.

జార్‌బ్రూకెన్ దగ్గర పడుతుండగా సంస్థ నుంచి జవాబు వచ్చింది. రికార్డింగు మళ్లీ చూస్తామని, ఈ వారంలోనే చెబుతామని రెండే ముక్కలు. శ్రావణి తెరను కిందికి జరిపి ఫోను నా ముందు పెట్టింది. ఈసారి చివర ఒక మనిషి పేరు ఉంది.