గోడ వైపు కుర్చీ

ఆశ్వికదళ కెప్టెన్ ఎగ్బెర్ట్ ఫాన్ ట్రామ్నిట్స్ గారు శత్రువుకు భయపడతారని ఎవరైనా అని ఉంటే, ప్రష్యా రాజ్యంలోని బెల్‌కోవ్ పట్నంలో మర్యాద తెలిసినవాళ్ళంతా నవ్వి ఊరుకునేవారు. ఆ మాట నిజం కూడా కాదు. ఆయన శత్రువుకు ఎన్నడూ భయపడలేదు. ఆయన భయమంతా సొంత దళమంటేనే.

శత్రువు ఎంత దుర్మార్గుడైనా ఎదురుగా ఉంటాడు. వాడి మొహం కనిపిస్తుంది, తుపాకీ కనిపిస్తుంది, వీలైతే పక్కకు తప్పుకోవచ్చు. సొంత దళానికి ఆ పాటి మర్యాద లేదు. నూటముప్పై గుర్రాలు, వాటి మీద పొమెరేనియా రైతుబిడ్డలు, వాళ్ళ చేతుల్లో బల్లేలు, అన్నీ నాయకుడి వీపు వెనకే. నాయకుడు ముందుకే చూడాలి. వెనక్కి చూడకూడదు. ఇది ఏ నియమావళిలోనూ రాసి లేదు గనక దాన్ని ఎవరూ సవరించలేకపోయారు.

ఈ భయం పుట్టింది ఫ్రాన్సులో, 1870 ఆగస్టులో, కోత అయిపోయిన ఒక గోధుమ చేలో. అప్పటికి ఆయన మీసం ఇంకా నిలబడని లెఫ్టినెంటు. దాడి మధ్యలో ఆయన గుర్రానికి తూటా తగిలి ముక్కు నేలకానించి కూలింది. ఫ్రెంచివాళ్ళు ఆయన్ని ముట్టుకోనైనా లేదు. ఆయన బోర్లా పడి, మొహం మన్నులో దాచుకుని, నేల అదురు దగ్గరవుతూ రావడం చెవులతో కాదు, పళ్ళతో విన్నారు. ఒక డెక్క చెవి పక్కన పడింది. ఒకటి నడుము పక్కన. ఒకటి ఎడమ చేతి మీద. దళం దాటిపోయి, ఫిరంగి కాల్పులకు పక్కదారిన వెనక్కి మళ్ళాక తల ఎత్తి చూస్తే, ఫ్రెంచి ఫిరంగికి అందరికంటే దగ్గరగా పడి ఉన్నది ఆయనే. అందరికంటే ముందున్నవాడికి పతకం ఇవ్వడం ప్రష్యాలో ఆచారం. అలా ఇనుప శిలువ వచ్చింది. పడుకున్నందుకు పతకం పొందిన రౌతు ఆ సైన్యంలో ఆయనొక్కడే కాకపోవచ్చు. ఆ సంగతి తెలిసి సిగ్గుపడ్డవాడు మాత్రం ఆయనొక్కడే.

అప్పటినుంచి వీపు వెనక ఏ చప్పుడైనా ఆయనకు డెక్కల చప్పుడే. ఆఫీసర్ల భోజనశాలకు అందరికంటే ముందు వెళ్ళి గోడ పక్క చోటు పట్టుకునేవారు. ఆకలిగల మనిషని పేరొచ్చింది. చర్చిలో ట్రామ్నిట్స్ వంశానికి మొదటి వరుస బల్ల తాతల నాటినుంచీ ఉన్నా, ఆయన చివరి బల్ల మీద గోడకు వీపు ఆనించి కూర్చునేవారు. వినయంగల మనిషని పేరొచ్చింది. శరత్తులో బంగాళాదుంపల బస్తాలు నేలమాళిగలో కుమ్మరిస్తుంటే ఆయన మెడ మీద చెమట పట్టేది. దానికి మాత్రం ఏ పేరూ రాలేదు. చూసింది భార్య ఒటిలీ ఒక్కతే. మరుసటి ఏటినుంచి దుంపలను బుట్టల్లో, చేత్తో దింపించింది.

సొంత ఇంట్లో మాత్రం ఆయనకు గోడ దక్కలేదు. భోజనాల గదిలో గోడకు ఆనిన కుర్చీ ఒక్కటే. గది వెచ్చబరిచే పెంకుల పొయ్యికి, కిటికీకి మధ్యన ఉంటుంది. అందులో ఆయన తండ్రి, పదవీ విరమణ చేసిన మేజరు ఆఖాట్స్ గారు కూర్చునేవారు. ముసలాయనకు చెవుడు. ఆ ఇంట్లో ప్రేమ, కోపం, ఉప్పు అందించమనడం అన్నీ అరుపులతోనే జరిగేవి.

"ఒరేయ్ ఎగ్బెర్ట్! ఇవాళ కసరత్తు ఎలా జరిగింది?" అని ముసలాయన పొగబెట్టిన బాతు మాంసం కోస్తూ రోజూ అడిగేవాడు.

"బాగా జరిగింది నాన్నగారూ!"

"వెనక్కి చూడలేదు కదా?"

"లేదు నాన్నగారూ!"

"అదీ! వెనక్కి చూసేవాడు గొర్రెల కాపరి. రౌతు కాడు."

కెప్టెన్ గారు తల ఊపి, తలుపు వైపు తెరిచి ఉన్న తన వీపును కాస్త సర్దుకుని, సూపు తాగేవారు. వంటమనిషి వెనకనుంచి పళ్ళెం తెస్తే, అది బల్ల మీదకు చేరేదాకా చెంచా పక్కన పెట్టి ఆగేవారు.

ఇన్నేళ్ళూ ఆయన నెట్టుకొచ్చిన తీరు చెప్పుకోదగ్గది. మొదట కల్నలు గారి సహాయకుడిగా చేరారు. కల్నలు ఎక్కడుంటే సహాయకుడు అక్కడ, అంటే గుట్ట మీద, దూరంగా. దురదృష్టవశాత్తూ పని బాగా చేశారు. కెప్టెన్‌ని చేసి దళం అప్పగించారు. అప్పుడాయన దళంలోకెల్లా ముసలి గుర్రాన్ని ఎంచుకున్నారు. ఉర్సెల్ అనే ఆ ఆడగుర్రం పద్నాలుగేళ్ళు బాకా విని, అన్ని పిలుపులూ నేర్చిన ఇల్లాలు. నిజానికి ఆ దళంలో గుర్రాలన్నీ అంతే. కొత్తగా చేరిన రైతుబిడ్డకు ఏ బాకా దేనికో అర్థం కావడానికి చలికాలమంతా పట్టేది. గుర్రానికి నెల చాలు. అందుకే దళాన్ని నడిపేది కెప్టెనూ కాదు, సార్జెంట్లూ కాదు, బాకా ఊదే పాగెల్. అతను ఊదితే గుర్రాలు కదిలేవి, మనుషులు వాటి మీద ఉండేవారు. ఉర్సెల్ మీద కూర్చుని కళ్ళు మూసుకున్నా కెప్టెన్ గారి పని అయిపోయేది. చాలాసార్లు అలాగే అయింది.

1890 వేసవి చివర జనరలు గారి తనిఖీ వచ్చింది. తనిఖీలో తడబడ్డ కెప్టెన్ మేజరు కాలేడు, ఇంటికి పోతాడు. పోతే పోయె. ఎందుకు తడబడ్డాడన్నది ఊరంతా విప్పి చూస్తుంది. కెప్టెన్ గారికి నిద్ర పట్టనివ్వని భయం అదే. దానికి తోడు, ముందురోజు కంచెలు దూకే పందెంలో మొదటి వరుస నడపాల్సిన లెఫ్టినెంటు మెడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. కల్నలు గారు చేతులు రుద్దుకుంటూ వచ్చారు.

"దిగులెందుకు ట్రామ్నిట్స్! మీ అబ్బాయి బోటో పక్క దళంలో ఉన్నాడుగా. మొదటి వరుసకు వాణ్ణి పెడదాం. తండ్రి వెనక కొడుకు! జనరలు గారికి ఇలాంటివంటే కళ్ళు చెమరుస్తాయి."

"వాడింకా ఆఫీసరు కాలేదండీ. అనుభవం..."

"మీకు ఇనుప శిలువ వచ్చిననాడు మీకెంత అనుభవముందండీ?" అని కల్నలు గారు భుజం తట్టారు. వెనకనుంచి తట్టారు. కెప్టెన్ గారు ఎగిరిపడ్డారు. సంతోషమని కల్నలు గారు అనుకున్నారు.

నాయకుడి వెనక, దళానికి ముందు, వరుస నడిపేవాడి చోటు. ఇరవయ్యేళ్ళ కిందట ఆయన పడింది సరిగ్గా ఆ చోటులోనే. ఇప్పుడు ఆ చోటులో కొడుకు.

తెల్లవారి కాఫీ దగ్గర ఆయన భార్యతో గొంతు తగ్గించి అన్నారు. "ఒటిలీ, వాణ్ణి పొట్టపట్టీ రెండోసారి బిగించమని చెప్పు. జీను వేసేటప్పుడు వాడి గుర్రం పొట్ట ఉబ్బిస్తుంది. తర్వాత వదిలేస్తుంది, పట్టీ వదులై జీను జారుతుంది. దొంగగుర్రం."

"మీరే చెప్పొచ్చుగా?"

"నేను చెబితే భయపడ్డాననుకుంటాడు."

"నేను చెబితే?"

"తల్లులు భయపడొచ్చు. సైన్యంలో దానికి అడ్డు లేదు."

ఒటిలీ గుమ్మం దాకా వెళ్ళి, తండ్రితో మైదానానికి పోదామని గుర్రంతో వచ్చిన బోటోకు చెప్పింది. కొడుకు టోపీ సర్దుకుంటూ నవ్వాడు. "అమ్మా, నేనేం చంటిపిల్లాణ్ణా? ఆ పట్టీ మాట పొద్దుటే సార్జెంటు చూశాడు." ఆ వంశంలో మగవాళ్ళు ఒక జాగ్రత్త రెండోసారి తీసుకుంటే అది పిరికితనం కింద జమ. బోటో పట్టీ బిగించలేదు.

మైదానంలో జనరలు గారు గుట్ట మీద గుర్రమెక్కి, ఆ ఉత్తుత్తి యుద్ధం ఎవరు గెలవాలో నిర్ణయిస్తూ నిల్చున్నారు. దళం నడక, జోరు, మలుపు అన్నీ పాగెల్ బాకాకు తగినట్టు సాగాయి. ఉర్సెల్ తనపాటికి తాను తిరిగింది. కెప్టెన్ గారు ఊపిరి వదలబోతుండగా, గుట్ట మీదనుంచి తెల్ల చేతిపట్టీ కట్టుకున్న న్యాయనిర్ణేత దౌడు తీస్తూ వచ్చాడు.

"కెప్టెన్ ఫాన్ ట్రామ్నిట్స్! మీ బాకావాడికి తూటా తగిలింది. చనిపోయాడు. ఇకపైన బాకా లేకుండా దాడి చేయాలని జనరలు గారి ఆజ్ఞ."

పాగెల్ తన గుండె వైపు ఒకసారి చూసుకున్నాడు. బాకా చంకలో పెట్టుకున్నాడు. "చిత్తం. నేను పడిపోవాలాండీ, ఉండొచ్చాండీ?"

"నీ చోటులోనే ఉండు. ఊదకు."

"చిత్తం."

కెప్టెన్ గారు పాగెల్ చంకలోని బాకా వైపు చూశారు. బాకా లేకపోతే ఉర్సెల్ ఒక ముసలి గుర్రం, ఆయన దాని మీద ఒక ముసలి భయం. అయినా కత్తి ఎత్తారు. జోరు. దౌడు. వెనక నేల మోగడం మొదలైంది. ఆ మోత వెన్నెముక కిందనుంచి ఒక్కొక్క పూస ఎక్కుతూ మెడకు వచ్చింది, పళ్ళకు చేరింది. ఎదురుగా ఎండలో మైదానం ఖాళీగా ఉంది. శత్రువు కూడా లేడు. శత్రువైనా ఉంటే కాస్త తోడుగా ఉండేది. ముందుకు చూడు, ముందుకు చూడు అని తనకు తాను చెప్పుకుంటూ, అన్నేళ్ళుగా చేస్తున్నట్టే వీపంతా చెవి చేసుకుని విన్నారు.

అందువల్లే ఆయనకు వినపడింది. అంత మోతలోనూ, సరిగ్గా వెనక, ఒక గుర్రం తాళం తప్పింది.

ఆయన వెనక్కి చూశారు.

బోటో జీను గుర్రం పొట్ట పక్కకు జారిపోయింది. కుర్రాడు జూలు రెండు చేతులా పట్టుకుని వేలాడుతున్నాడు. ఒక కాలు రికాబులో ఇరుక్కుంది. వాడి మొహం తెల్లగా ఉంది. వాడు అరవడం లేదు. ట్రామ్నిట్స్‌లు అరవరు. వాడి వెనకనే గోడలాగా దళం.

"ఆగండి!" అని కెప్టెన్ గారు అరిచారు. ఆ అరుపు డెక్కల కింద చీమలా నలిగింది. పక్కనే పాగెల్, బాకా చంకలో, మర్యాదగా దౌడు తీస్తున్నాడు.

"పాగెల్! ఆగే పిలుపు ఊదు!"

"దొరగారూ, నేను చచ్చిపోయానండీ!"

"ఊదరా!"

"జనరలు గారు చంపేశారండీ!"

"చచ్చినాసరే ఊదరా, అక్కడ నా కొడుకు పడిపోతున్నాడు!"

చచ్చినవాడు బాకా నోటికి పెట్టాడు. అంత సూటిగా, అంత స్వచ్ఛంగా పాగెల్ బతికుండగా ఎన్నడూ ఊదలేదని తర్వాత అందరూ అన్నారు. మనుషులకు ఏమైందో తెలిసేలోగా గుర్రాలు నాలుగు కాళ్ళూ నేలకు తన్ని ఆగాయి. రౌతులు కొందరు గుర్రాల మెడలు కావిలించుకున్నారు, కొందరు గుర్రాలు లేకుండానే ముందుకు సాగారు. జూలు చేజారి బోటో నేల మీద పడ్డాడు. మొదటి వరుస మధ్యలో ఒక నల్లగుర్రం, వాడి మొహం మీద కాలు ఎత్తి, ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడింది.

ఎవరో కళ్ళెం పట్టి ఆ గుర్రాన్ని వెనక్కి లాగారు. అప్పుడు గానీ కెప్టెన్ గారు ఉర్సెల్ మీదనుంచి దిగలేకపోయారు. దిగి కొడుకు పక్కన మన్నులో కూర్చున్నారు.

"నాన్నగారూ," అన్నాడు బోటో, భుజం పట్టుకుని. మైదానంలో ఆ పిలుపు నిషిద్ధం. "నాకు నేల మోగడం పళ్ళలో వినపడింది."

"తెలుసురా," అన్నారు ఆయన.

గుట్ట మీద జనరలు గారి కళ్ళు చెమర్చలేదు. ఆయన అభ్యంతరం దాడి ఆగినందుకు కాదు, కుర్రాడు పడినందుకూ కాదు. "చనిపోయిన మనిషి బాకా ఊదాడు," అన్నారాయన, కల్నలు వైపు తిరిగి. "ఇలాంటి దళంతో యుద్ధం ఎలా చేస్తాం?"

మర్నాడు మధ్యాహ్నం కల్నలు గారు స్వయంగా ఇంటికి వచ్చారు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు.

"మీ ఆరోగ్యం బాగాలేదని విన్నాను ట్రామ్నిట్స్."

"బాగానే ఉందండీ."

"బాగాలేదని విన్నాను."

కెప్టెన్ గారు కల్నలు మోకాలి మీది టోపీ వైపు చూశారు. "అవునండీ. బాగాలేదు."

"ఉద్యోగం వదులుకోవడం మీ అంతట మీకే తోచినట్టు చేస్తే గౌరవంగా ఉంటుంది," అన్నారు కల్నలు గారు. ఇంకాసేపు కూర్చుని, ఒక గ్లాసు సారా తాగి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయారు.

ముసలి మేజరు ఇదంతా గోడ వైపు కుర్చీలోంచి చూశాడు. పెదాలు చూసి సగం గ్రహించాడు. తలుపు మూసుకున్నాక కర్రతో నేల మీద కొట్టాడు.

"ఒరేయ్! వెనక్కి చూశావా?"

ఒటిలీ చేతిలో సూపు గరిటె ఆగిపోయింది. కెప్టెన్ గారు లేచి నిలబడ్డారు. ఫ్రెంచి ఫిరంగి ఎదుట కూడా ఆయన గుండె అలా కొట్టుకోలేదు.

"చూశాను నాన్నగారూ!"

పొయ్యిలో కట్టె ఒకటి విరిగింది. ఆ చప్పుడుకు కొడుకు ఉలికిపడ్డాడు. తండ్రి కదలలేదు. తర్వాత కర్ర ఊతంగా మెల్లగా లేచి, కుర్చీ చేతిని రెండుసార్లు నిమిరాడు.

"ఇలా వచ్చి కూర్చో. నీకిది ఎప్పుడో ఇవ్వాల్సింది. నాకు చెవుడొచ్చాక వెనక ఏమొచ్చినా వినపడటం లేదు. అలవాటుకొద్దీ కూర్చుంటున్నాను, అంతే."

ముసలాయన బల్ల చుట్టూ తిరిగి వచ్చి, కొడుకు కుర్చీలో, తలుపు వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. కాసేపటికి, వినపడకపోయినా, ఒకసారి వెనక్కి చూసుకున్నాడు.

ఆదివారం బోటో భుజానికి కట్టుతో భోజనానికి వచ్చాడు. వచ్చినవాడు కూర్చోకుండా గది మధ్యలో నిలబడి కుర్చీలన్నీ ఒక్కొక్కటే చూస్తుంటే, ఒటిలీ వంటమనిషిని పిలిచింది, ఇద్దరూ కలిసి బల్లను మూలకు జరిపి, మూడు కుర్చీలు గోడ వెంట వేశారు. ముగ్గురు మగవాళ్ళూ గోడకు వీపులు ఆనించి, తీగ మీద పిచ్చుకల్లాగా వరుసగా కూర్చుని సూపు తాగారు. ఒటిలీ ఒక్కతే ఎదురుగా, తలుపు వైపు వీపు పెట్టి కూర్చుంది. ఆమెకు భయం లేదా అని ఎవరూ అడగలేదు. ఉప్పు మాత్రం అడిగారు.