ఓడిపోయిన నాయకుడికి చదివి వినిపించిన అర్జీలు

1983 వేసవి. కళ్యాణదుర్గం తాలూకా ఆఫీసు ఎదుటి సందులో నాకొక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పొద్దునా సాయంత్రమూ పిల్లలకు టైపు నేర్పేదాన్ని. మధ్యాహ్నం పల్లెల నుంచి వచ్చినవాళ్ళకు అర్జీలు కొట్టిపెట్టేదాన్ని. ప్రతి అర్జీకీ ఒక కార్బన్ కాపీ, అంటే మసికాగితం పెట్టి తీసిన నకలు, నా దగ్గర ఉంచుకునేదాన్ని. ఆఫీసులో కాగితం కనబడటం లేదంటే పల్లెవాళ్ళు మళ్ళీ నా దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆ నకళ్ళన్నీ గోడ బీరువాలో ఊరికొక కట్టగా ఉండేవి.

ఆ ఏడాది ఎన్నికల్లో అప్పటిదాకా ఏలుతున్న పార్టీ రాష్ట్రమంతటా ఓడిపోయింది. మా తాలూకాలో ఆ పార్టీకి పెద్ద సంజీవప్ప. యాభై దాటిన మనిషి, మెల్లగా మాట్లాడేవాడు. నా ఇన్‌స్టిట్యూట్ నడిచే గది కూడా ఆయనదే. ఫలితాలు వచ్చాక ఆయన ఇంటి ముందు జీపులు ఆగడం మానేశాయి. ఒక మధ్యాహ్నం ఆయన నడుచుకుంటూ వచ్చి, చేత్తో రాసిన నాలుగు పేజీలు నా బల్లమీద పెట్టి స్టెన్సిల్ కొట్టమన్నాడు. స్టెన్సిల్ అంటే మైనం పూసిన కాగితం. దానిమీద అక్షరాలు కొట్టి సైక్లోస్టైల్ యంత్రానికి ఎక్కిస్తే వందల కాపీలు వస్తాయి. వాటిని ఊరూరా పంచితే పార్టీ మళ్ళీ లేస్తుందని ఆయన ఆశ.

చదివాను. ఇండ్లు ఇచ్చాం, పింఛన్లు ఇచ్చాం, కరువు పనులు పెట్టాం, మీరు తిన్నింటి వాసాలు లెక్కపెట్టారు అని నాలుగు పేజీలూ జనాన్ని దెప్పిపొడవడమే. అందులో ఒక ఊరిని పేరు పెట్టి మరీ తిట్టాడు. ఏనాడూ ఆయన మాట దాటని ఊరు ఈసారి మొత్తంగా ఎదురు తిరిగింది. ఆ ఊరి పేరు ఇక్కడ చెప్పను.

ఆ ఊరి కట్ట నా బీరువాలో ఉంది. అందులో ఏముందో నాకు తెలుసు. స్టెన్సిల్‌ను మెషిన్‌కు ఎక్కించాను కానీ చేతులు ఆడలేదు.

"ఏమి టీచరమ్మా, నా రాత అర్థం కాలేదా?" అన్నాడు.

"అర్థమయిందన్నా. కానీ ఆ ఊరోళ్ళు ఎలక్షన్లకు ముందే మీకు చెప్పుకున్నారు," అన్నాను.

నోరు జారాక భయం పట్టుకుంది. ఎవరు చెప్పుకున్నారు, ఎప్పుడు చెప్పుకున్నారు అని ఆయన గుచ్చి గుచ్చి అడిగాడు. అర్జీల సంగతి బయటపెట్టక తప్పలేదు. పేర్లు మాత్రం చెప్పను, విషయం చదువుతాను అన్నాను. సరేనన్నాడు.

మొత్తం ఏడు అర్జీలు. అంతకు ముందు ఏడాది రోడ్డు పనిలో తాగడానికి నీళ్ళు పెట్టడం లేదని అడిగినందుకు ఐదు కుటుంబాల పేర్లు మస్టర్ రోల్‌లోంచి తీసేశారు. మస్టర్ రోల్ అంటే పనికొచ్చినవాళ్ళ హాజరు పట్టీ. అందులో పేరు లేకపోతే పని లేదు, కూలి లేదు. తీసేసిన మేస్త్రీ సంజీవప్ప బామ్మర్ది. మూడు అర్జీలు తాలూకా ఆఫీసుకు పెట్టుకున్నారు, నాలుగు సంజీవప్పకే. ఆ నాలుగూ ఆయన ఇంటి అరుగుమీదే ఇచ్చారు. అందుకున్నది మాత్రం బామ్మర్ది.

ఐదో అర్జీ చదువుతున్నాను. పనిలేక కొడుకూ కోడలూ బెంగుళూరు పోయారని, కాలు సరిగ్గా రాని తాను మేకను పెట్టుకుని ఒంటరిగా పడి ఉన్నానని ఒక ముసలమ్మ మొర. సంజీవప్ప తలెత్తాడు.

"లక్ష్మక్క కదా ఇది?"

నేను గబగబా ఆరో అర్జీ తీశాను. ఆ తొందరే ఆయనకు జవాబైపోయింది. ఆయన తన నాలుగు పేజీలూ మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత మూడు రోజులు నాకు ఒకటే ఆలోచన. బామ్మర్దికి ఈ సంగతి తెలిస్తే ఆ ముసలమ్మ గతేమిటి? ఆ వారం ఆ ఊరినుంచి ఒక్కరూ టౌనుకు రాలేదు. బస్టాండుకు పోయి ఎవరైనా దిగుతారేమోనని చూశాను. తెలిసిన ముఖం కనబడకపోయే కొద్దీ గుబులు ఎక్కువైంది. గది ఖాళీ చేయమంటాడేమోనన్న భయం దీని ముందు చిన్నదైపోయింది.

నాలుగో రోజు సంజీవప్ప వచ్చాడు. రేపు ఆ ఊరికి పోతున్నానని, తోడు రమ్మని అడిగాడు. సాయానికని కాదు, లక్ష్మక్కకు అడ్డంగా నిలబడాల్సి వస్తుందేమోనని బయల్దేరాను.

బస్సు దిగి మైలు దూరం నడిచాం. అర్జీలు పెట్టిన ఐదిండ్లలో మూడింటికి తాళాలు. సంజీవప్ప ఒక్కో తాళం ముందూ ఆగాడు. లక్ష్మక్క చింతపండు గింజ తీస్తూ వాకిట్లో కూర్చుని ఉంది. కొడుకు సంగతి అడిగాడు.

"బెంగుళూరులో ఇటుకలు మోస్తాండాడు. ఇప్పుడు ఓట్లు లేవు కదప్పా, ఏల వచ్చినావు?"

అర్జీలు టీచరమ్మ చదివి వినిపిస్తేనే తెలిసిందని, తప్పు తనకు తెలియకుండా జరిగిందని ఆయన అన్నాడు.

"నీ అరుగుమీద ఇచ్చినాము కాయితం. నీ ఇంట్లో ఏమి జరుగుతాండాదో నీకు తెలీకపోతే, మా ఊర్లోది నీకేమి తెలుస్తాది?"

ఆమె నావైపు తిరిగింది.

"మా కాయితం నువ్వెట్ల చదివి వినిపిస్తివి పాపా? మమ్మల్ని ఒక మాట అడగల్ల కదా."



మరుసటి వారం సంజీవప్ప మళ్ళీ నా బల్ల ముందు కూర్చున్నాడు. తాసిల్దారుకు వాంగ్మూలం కొట్టమన్నాడు. ఆ ఐదు కుటుంబాల పేర్లు అన్యాయంగా తీసేశారని, తీసేసింది తన మనిషేనని, వాళ్ళను మళ్ళీ పనిలో పెట్టుకోవాలని సారాంశం. దానికింద ఆయన సంతకం. గెలిచిన పార్టీవాళ్ళు దీన్ని మీటింగుల్లో చదువుతారని ఆయన అనుచరులు ముందే హెచ్చరించారట. ఇంట్లో భార్య, పుట్టింటి పరువు తీస్తున్నావని మాట్లాడటం మానేసిందట. కొట్టేదా అన్నా అని రెండుసార్లు అడిగాను.

"కొట్టమ్మా," అన్నాడు.

భయపడినట్టే అయింది. ఆ కాగితం మీటింగుల్లో చదివారు, నవ్వారు. కానీ పేర్లు పట్టీలోకి ఎక్కాయి. ఆ ఘనత గెలిచినవాళ్ళు తమదేనన్నారు. సంజీవప్ప కాదనలేదు. లక్ష్మక్క కొడుకూ కోడలూ తిరిగొచ్చారు. తాళాలు పడిన మూడిండ్లలో రెండింటివాళ్ళూ వచ్చారు. మూడో ఇంటివాళ్ళు మాత్రం ఎప్పటికీ రాలేదు.

ఎనభై అయిదులో ఆయన పార్టీ మళ్ళీ ఓడింది. వాంగ్మూలం ఇచ్చి ఏం బావుకున్నావని సొంతవాళ్ళే ఎత్తిపొడిచారు. ఆయన మాత్రం నెలకోసారి ఆ ఊరికి పోవడం మానలేదు. తర్వాతెప్పుడో ఆస్పత్రికి వచ్చిన లక్ష్మక్కను, ఈసారి ఆయనకే వేస్తారా అని అడిగాను. "ఓటు మా ఇష్టం. ఆయప్ప వస్తే మాత్రం చెప్పుకుంటాము, వింటాడు" అంది. ఓడిన పార్టీ ఓటర్లను తిరిగి తెచ్చుకోవడం ఎలాగో నాకు తెలియదు. అది కరపత్రంతో మొదలు కాదని మాత్రం ఆ రోజు తెలిసింది.

నా పనికి నేను నేర్చుకున్నది వేరు. ఆ తర్వాత అర్జీ కొట్టిన ప్రతిసారీ, నకలు ఉంచుకోనా అని, ఎవరైనా అడిగితే చూపించవచ్చా అని అడగడం మొదలుపెట్టాను. వద్దన్నవాళ్ళ నకలు వాళ్ళ కళ్ళముందే చింపేసేదాన్ని. నేను అడగకుండా చదివినందువల్ల ఆ ఊరికి మేలే జరిగింది, నిజమే. అయితే అది సంజీవప్ప మంచితనం, నా తెలివి కాదు. ఆయన మరో రకం మనిషై ఉంటే ఆ రోజు తెరిచి ఉన్న రెండిండ్లకూ తాళాలు పడేవి.