మూడో కొవ్వొత్తి

సమాధుల పండుగ నాడు మా పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క, శామీర్‌పేట నుంచి మేడ్చల్‌ వచ్చి సమాధుల తోట గేటు దగ్గర మూడు కొవ్వొత్తులు కొనేది. మావాళ్ల సమాధులు అక్కడ రెండే, తాతది, అవ్వది. ప్రార్థన అయ్యాక మూడోది తీసుకెళ్లి, గోడ పక్కనున్న పేరులేని చిన్న దిబ్బ మీద వెలిగించేది.

"అదెవరిది పెద్దమ్మా?"

"ఎవరిదో బిడ్డా. ఒకటి మిగిలింది, పారేస్తమా?"

కొన్నది తనే. మరి ఏటేటా ఎలా మిగులుతుంది? పైగా ఆ మాట అనేటప్పుడు నా ముఖం చూసేది కాదు. గాలికి ఆరిపోకుండా వత్తికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడేది. పెళ్లికి ముందే ఆమెకు ఒక బిడ్డ పుట్టి పోయిందని నాకు గట్టి అనుమానం. అమ్మనడిగితే కసిరింది.

"అక్కచెల్లెండ్లం మేమిద్దరమే. అక్క గురించి నాకు తెల్వనిది ఏముంటది? పిచ్చి మాటలు బంద్‌ జెయ్యి."

పాపం, అమ్మ అమాయకురాలనుకున్నాను.

నిరుడు పెద్దమ్మ పోయింది. అవ్వ పక్కనే పెట్టాం. పండుగ నాడు అమ్మ నాలుగు కొవ్వొత్తులు కొన్నది. నేను నీళ్లు పట్టుకొచ్చేసరికి ఆమె గోడ దగ్గర కూర్చుని, దిబ్బ మీది గడ్డి పీకుతూ మెల్లగా మాట్లాడుతోంది.

"అక్క గూడ ఈడికే వచ్చింది చెల్లె. ఇగ నిన్ను తలుసుకునేటందుకు నేనొక్కదాన్నే ఉన్న."

నా కాలికింద ఎండుటాకులు చప్పుడు చేశాయి. అమ్మ వెనక్కి తిరగలేదు. వత్తికి కొంగు అడ్డం పెట్టింది.

"ఒకటి మిగిలింది బిడ్డా, పారేస్తమా?"