అక్క కళ్ళ రంగు

మా అక్కవి పిల్లికళ్ళు. చిన్నప్పుడు తుంగతుర్తిలో తోటి పిల్లలు ఆ పేరుతోనే ఏడిపించేవాళ్ళు. అందుకేనేమో, ఫొటో తీసేటప్పుడు తల వంచుకునేది. పెళ్ళి ఫొటోలన్నింటిలో రెప్పలే కనిపిస్తాయి. సూర్యాపేట స్టూడియోలో ఒక్కసారి మాత్రం కెమెరా వైపు నేరుగా చూసింది. ఆ కలర్ ఫొటోను ఫ్రేము కట్టించి పెట్టుకుంది.

2003లో నేను కోదాడలో కిరాయి గదిలో ఉండి కంప్యూటర్ కోర్సు చేస్తున్నాను. అక్క ఆ ఫొటోను ఫ్రేములోంచి తీసి పట్టుకొచ్చింది.

"దీన్ని నీ కంప్యూటర్ల దాస్తవారా? కాయితం ఎన్నొద్దులుంటది?"

కోర్సు చెప్పేచోట స్కాన్ చేశాను. నాలుగంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు, అంగుళానికి మూడు వందల చుక్కలు. ఒక్కో చుక్క రంగుకు మూడు బైట్లు. ఫైలు ఆరు ఎంబీలు దాటింది. నా దగ్గరున్నది ఒక్క ఫ్లాపీ, దానిలో ఒకటిన్నర ఎంబీ కూడా పట్టదు. కుదించి దాచే పద్ధతులు నాకప్పటికి తెలియవు. అంగుళానికి నూటయాభై చుక్కలు చేశాను. పొడవులో సగం, వెడల్పులో సగం పోయి ఫైలు నాలుగో వంతుకు దిగింది. అయినా కొద్దిలో పట్టలేదు.

ఇంకొన్ని చుక్కలు తగ్గించి ఉంటే సరిపోయేది. ముఖం స్పష్టంగా ఉంటే చాలనుకొని రంగు తీసేశాను. చుక్కకు మూడు బైట్ల చోట ఒక్కటే మిగిలింది. ఫైలు ఫ్లాపీలో పట్టింది.

వెనక నిలబడి చూస్తున్న అక్క నవ్వింది.

"సచ్చినోళ్ల ఫొటో లెక్క జేస్తివి గదరా."

"అసలుది నీ దగ్గర్నే ఉంటది గదక్కా" అన్నాను.

వేములపల్లిలో ఆమె అత్తగారింటి గోడ ఒక వానాకాలం చెమ్మ పట్టింది. మళ్ళీ ఫ్రేములో పెట్టుకున్న ఆ ఫొటో అద్దానికి అతుక్కుపోయింది. బావ ఊడదీస్తే ముఖం అద్దానికే ఉండిపోయింది. "పోనీలే, నీ దగ్గరున్నది గదా" అని అక్క నాకు ఫోన్ చేసింది.

2003 తర్వాత నాలుగేళ్ళకు అక్క జ్వరంతో వారంలోనే పోయింది. దశదినానికి పెద్ద ఫొటో చేయించాలని అమ్మ, బావ, నేను ఆ ఫ్లాపీ పట్టుకొని మిర్యాలగూడలో ఒక స్టూడియోకు వెళ్ళాం.

"పెద్దగ జేస్తే జర మసకైతదన్నా" అన్నాడు స్టూడియో అతను. "లేని సుక్కల్ని నేనేడికెల్లి తేవాలె? రంగైతే ఏస్త."

చీర రంగు అమ్మ చెప్పింది. ముఖానికి అతనే వేశాడు. తర్వాత అడిగాడు.

"కండ్లు?"

"తేనె రంగు" అంది అమ్మ.

"కాదత్తమ్మా, ఎండల సూస్తె ఆకుపచ్చ తీరుగుండె" అన్నాడు బావ.

అతను తెర మీద రంగుల పెట్టె తెరిచాడు. "కోటికి మించి రంగులుంటయి ఇందుల. ఏదో ఒకటి సూపియ్యుండ్రి."

అమ్మ తెర దాకా వేలు తీసుకెళ్ళి, వెనక్కి తీసుకుంది. "నువ్వు సెప్పురా, సదువుకున్నోనివి."

నేనొక గోధుమరంగు చూపించాను. చూపిస్తున్నప్పుడే అది కాదని తెలుసు. ఏది అవునో తెలియదు.

ఆ ఫొటో బావ ఇంట్లో ఉంది. ఇప్పుడు అక్కను తలుచుకుంటే నాకు ఆ గోధుమరంగు కళ్ళే కనిపిస్తాయి.