ఖాయం బాబాయి, కాలిన కాలర్లు

ఖాయం బాబాయికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఎవరు నోరు తెరిచినా "ఇది ఖాయమా, బహుశానా?" అని తేల్చందే ఊపిరి పీల్చుకోనివ్వడు. లాండ్రీలో మొదటి బల్ల మీద ఇస్త్రీ చేస్తూ, అట్ట చిరిగిన తర్కం పుస్తకమొకటి అరగదీసిన మనిషి. ఒప్పుకున్న మాటల్లోంచి తప్పించుకోలేని మాట లాగితే నిగమనం, అది ఖాయం. నాలుగు చూసి ఐదోది ఊహిస్తే ఆగమనం, అది బహుశా. ఆయనకి లోకమంటే ఈ రెండు అరలే.

రెండో బల్ల మీద కొత్తగా చేరిన అమ్మాయి మొదటిరోజే ఇరుక్కుంది.

"బాబాయ్, వాన వచ్చేలా ఉంది. ఆరేసిన దుప్పట్లు తీసేద్దామా?"

"ఇలా మబ్బు పట్టిన ప్రతిసారీ వచ్చిందా?"

"నిన్నా మొన్నా వచ్చిందిగా!"

"అయితే బహుశా."

"నెత్తిమీద పడుతోంది బాబాయ్!"

"ఆహా, ఇప్పుడు ఖాయం! పరిగెత్తు!"

అప్పటికే దుప్పట్లు రెండోసారి తడిశాయి.

ఇంట్లో పిన్నికీ ఇవే పాట్లు. "ముప్పయ్యేళ్లుగా నా వంట తిని నిక్షేపంగా ఉన్నారు, ఇవాళా ఉంటారు, తినండి" అంది ఓసారి. "అది బహుశానే" అన్నాడు. పళ్లెం వెనక్కి వెళ్లిపోయింది. ఆ పూట ఆకలి మాత్రం ఖాయం.

ఇంతలో తెల్ల చొక్కాల కాలర్లు మాడడం మొదలైంది. వారంలో నాలుగు! నాలుగోదాన్ని యజమానురాలు జెండాలా ఎత్తి పట్టుకుంది.

"నాలుగూ నీ బల్ల మీదే కాలాయి. తప్పు నీదే. రేపట్నుంచి రాకు."

అమ్మాయికి అది ఎనిమిది నెలలు గడపగడపకీ తిరిగితే దొరికిన పని.

"ఆగు తల్లీ!" బాబాయి కళ్లు మెరిశాయి. "ఇది ఖాయమా, బహుశానా?"

"మళ్లీ మొదలెట్టారా? నాలుగుసార్లు, బాబాయ్!" అంది యజమానురాలు.

"నలభైసార్లయినా గట్టి బహుశా అవుతుందే గాని ఖాయం కాదు. బల్ల దగ్గర మనిషితో పాటు ఇస్త్రీ పెట్టె కూడా ఉంది. దాన్నెవరైనా అడిగారా?"

గబగబా తన చొక్కా విప్పేశాడు. బనీనుతో నిలబడి, రెండో బల్ల పెట్టెకు వేడి బాగా తగ్గించి, చొక్కా మీద ఆనించాడు. గుప్పున వాసన! చొక్కా వీపున పెట్టె ఆకారంలో ఓ కిటికీ.

"మాడింది!" గంతేశాడు బాబాయి. "పెట్టె బాగుంటే ఇంత తక్కువ వేడికి మాడదు. మాడింది. కాబట్టి పెట్టె బాగాలేదు. ఖాయం! తప్పించుకునే సందే లేదు!"

యజమానురాలు పెట్టెను తిప్పి చూసింది. "మరలు ఎవరో విప్పి బిగించారే. ఎవరది?"

బాబాయి రొమ్ము విరిచాడు. "విప్పినవాడిదే తప్పు. విప్పింది నేను. కాబట్టి తప్పు నాదే. ఇదీ ఖాయం!"

అంత సంబరంగా తనను తానే పట్టిచ్చుకున్న దొంగ ఎక్కడా ఉండడు. యజమానురాలికి నవ్వాగలేదు. "ఇంకోసారి ముట్టుకున్నారో! నువ్వు పనిలోకి రా అమ్మాయ్" అని లోపలికెళ్లింది.

మర్నాడు యజమానురాలి తండ్రి వచ్చాడు. చూపు సరిగ్గా ఆనకపోయినా, కనబడ్డదల్లా విప్పడం ఆయన సరదా. మళ్లీ మర ముట్టుకుంటే కొట్లో అడుగుపెట్టనివ్వనని కూతురు ఎప్పుడో హెచ్చరించింది. ఆయన రెండో బల్ల మీదకి వంగి గుసగుసగా అన్నాడు: "పోయినవారం ఈ పెట్టె బాగుచేసింది నేనే. మా అమ్మాయితో అనకు. ఎలా ఉంది పని?"

"అదిరిందండీ" అంది అమ్మాయి.

పెద్దాయన మురిసిపోతూ వెళ్లాక మొదటి బల్ల వైపు తిరిగింది. వీపున మాసికతో బాబాయి ఎన్నడూ లేనంత దీక్షగా ఇస్త్రీ చేస్తున్నాడు.

"బాబాయ్, నిన్న ఆ పెట్టె విప్పానన్నారే, అది ఖాయమా, బహుశానా?"

బాబాయి తలెత్తకుండా కాలరు మడత సరిచేశాడు. మళ్లీ సరిచేశాడు.

"బహుశా" అన్నాడు.