పైకి చెప్పకూడని లెక్క

మా ఇంట్లో మందను లెక్కపెట్టరు. ఉదయగిరి కొండ కింద గొర్రెలు మేపుకునే వంశం మాది. ఎన్ని ఉన్నాయని ఎవరన్నా అడిగితే మా నాయన, "ఉండాయిలే, ఏదో నాలుగు" అనేస్తాడు. సంఖ్య పైకి అంటే దిష్టి. ఆ ఇంట్లో పుట్టి నేను బతుకుతెరువుకు ఎంచుకున్నదేమిటయ్యా అంటే, లెక్కపెట్టడం! సీసం కేంద్రకాలను దాదాపు కాంతి వేగంతో ఢీకొట్టిస్తారు. ఒక్కో గుద్దుకు విద్యుదావేశం ఉన్న కణాలు వేలల్లో చిమ్ముతాయి. అవి ఎన్నో తేల్చాలి. యంత్రం కన్నుగప్పి పోయినవాటిని కూడా అంచనా కట్టి కలపాలి. నా పీహెచ్‌డీ అంతా అదే.

ఆ లెక్కను మా బృందం ఆమోదించాల్సిన ఆన్‌లైన్ మీటింగ్ నేను ఊళ్లో ఉండగా వచ్చిపడింది. ఒప్పుకుంటే థీసిస్ రాసుకోవచ్చు, లేకపోతే మళ్లీ మొదటికే. మా ఇంట్లో నెట్ నిలవదని ఆత్మకూరులో పిన్ని ఇంటికి చేరాను. నాయన కూడా వెంట వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు.

గ్రాఫులు చూపిస్తూ బాగానే వాగాను. అంతా విని మీటింగ్ అధ్యక్షురాలు, "ఇంతకీ నీ సంఖ్య ఎంత?" అని ఇంగ్లీషులో అడిగింది. పైకి అంటే ఏదో అయిపోతుందన్న భయం, పుట్టుకతో వచ్చింది. "స్లైడులో ఉంది కదండీ" అన్నాను. మళ్లీ అడిగింది. "అటూ ఇటుగా..." అని నసిగాను. అబ్బ, ఏం శాస్త్రవేత్తనమ్మా నేను!

"నీ ఫలితం మీద నీకే నమ్మకం లేదా?" అంది ఆవిడ. ఇన్నేళ్ల చాకిరీ గంగపాలయ్యేట్టుంది.

నాయనకు ఇంగ్లీషు రాదు గానీ నా మొహం చూస్తే తెలిసిపోతుంది. "ఏందిమే, ఏమడగతా ఉండారు?"

"ఎన్నో చెప్పమంటా ఉండారు నాయనా."

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "చెప్పు మరి. నువ్వు పడిన కష్టం గదా. గట్టిగా చెప్పు."

చెప్పాను, దశాంశాలతో సహా, వీధిలోకి వినపడేట్టు. ఇంకో రెండు ప్రశ్నలు వేసి ఒప్పేసుకున్నారు. తెర మీద చప్పట్లు మోగుతుండగానే నాయన పిన్ని వంటింట్లోంచి గుప్పెడు ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి, "కదలబాక" అంటూ నా తల చుట్టూ తిప్పడం మొదలుపెట్టాడు. కెమెరా ఆన్‌లోనే ఉంది. దేశదేశాల శాస్త్రవేత్తలు నోరు తెరుచుకుని చూస్తున్నారు. సిగ్గుతో చచ్చాననుకోండి. అయినా కెమెరా ఆపబుద్ధి కాలేదు.

"ఉమ్మెయ్ మే" అని గుప్పిట నా మొహం ముందు పెట్టాడు నాయన. అందరూ చూస్తుండగా తూ అని ఉమ్మాను.